చిన్నమ్మ కంబం

బరంపురంలో మా ఇంటి కింది హాలు నట్టనడుమ మొన్న మొన్నటిదాకా ఒక ఇనుప కంబం ఉండేది. రెండు చేతులతో చుట్టి పట్టుకునేంత లావు, కింద ఒక రాతి పలక, పైన ఒక చెక్క దిమ్మ, ప్రతి దీపావళికీ ఒక పూత నీలం రంగు. హాలు నడుమ ఈ కంబం ఏమిటని కొత్తగా వచ్చినవాళ్లు అడగకుండా ఉండరు. అడిగిన ప్రతివాళ్లకీ మా పెదనాన్న ఒకే కథ చెప్పేవాడు. పైన మా మరదలు అప్పడాల పిండి దంచి దంచి దూలం విరగ్గొట్టింది, దానికి ఈ కంబం పోటు పెట్టించాం అని. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. పెదనాన్న పోయాక ఆయన కొడుకు ప్రకాశం అన్నయ్య అదే కథ అందుకున్నాడు. అన్నయ్య మనవలు కూడా దాని చుట్టూ తిరిగి ఆడుకుంటూ దాన్ని చిన్నమ్మ కంబం అనే అనేవాళ్లు. ఆ చిన్నమ్మ మా అమ్మ. సరిగ్గా ఆ కంబానికి పైనున్న గదిలో ఆమె ఇప్పటికీ ఉంటోంది, తొంభై ఏళ్లకు దగ్గర పడుతోంది. ఇదంతా నేను కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని నెల రోజులు ఆగాను. చల్లారలేదు.

మా ఇల్లు పాతకాలపు మేడ. కింద హాలు, దేవుడి గది, సరుకుల గది. పైన మూడు గదులు. హాలు కప్పుకి గోడ నుంచి గోడకి ఏడు సాలు కర్ర దూలాలు, వాటి మీద చెక్కలు, చెక్కల మీద గచ్చు. ఆ గచ్చే మా పైగదికి నేల. పంపకాల్లో కింది వాటా పెదనాన్నకీ పైవాటా మా నాన్నకీ వచ్చాయి. కరెంటుకి మాత్రం పంపకం జరగలేదు. మెయిన్ బోర్డు ఆగ్నేయ మూలన సరుకుల గదిలో ఉంటుంది, ఆ గది తాళం అన్నయ్య నడుముకి ఉంటుంది. నేను టీచరు ఉద్యోగం నుంచి రిటైరై అమ్మ దగ్గరికి వచ్చాక ఈ ఎండలకి ఆమె గదిలో ఏసీ పెట్టించాను. అది వేసి పది నిమిషాలు కాకముందే కింద ఫ్యూజు పోయేది. అన్నయ్య కొట్టు నుంచి భోజనానికి వచ్చి తాళం తీసేదాకా అమ్మ తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూర్చునేది. రెండుసార్లు చూశాను. మూడోసారి గిరిసోల నుంచి కూర్మారావుని పిలిపించాను. కరెంటు పనిలో నిదానస్తుడని పేరున్న మనిషి. పైకి విడిగా ఒక బోర్డు పెట్టాలి, మెయిన్ బోర్డు నుంచి దానికి బొటనవేలంత లావు కేబులు ఒకటి లాగాలి, అప్పుడు పైవాళ్ల స్విచ్చులు పైవాళ్ల చేతిలో ఉంటాయి అన్నాడు. నా చెవికి అది మంత్రంలా వినిపించింది.

కేబులుకి దగ్గర దారి ఒకటుంది. సరుకుల గది నుంచి దేవుడి గది కప్పులో రెండు దూలాల సందున నేరుగా వెళ్లిపోవచ్చు, ఒక్క దూలానికీ కన్నం పెట్టక్కర్లేదు. అన్నయ్య ఒప్పుకోలేదు. దేవుడి నెత్తి మీంచి కరెంటు పోకూడదట. అది పెదనాన్న పెట్టిన నియమం. పెద్ద దీక్షితుల్లాగ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి, హాల్లోంచే పట్టుకెళ్లండి, దూలాలకి అడుగున కొంచెం కోసుకుంటే సరిపోతుంది అని సలహా కూడా ఇచ్చాడు. ఆ మాట అప్పుడు నాకేమీ అనిపించలేదు. మర్నాడు పొద్దున్న కూర్మారావు నిచ్చెనెక్కి, దూలాలు కనబడకుండా కింద కొట్టిన సీలింగు చెక్కల్లో ఒక వరస ఊడదీశాడు. బొద్దింకలూ, ఎలుకల గూళ్లూ, నల్లటి ధూళీ కింద పడ్డాయి. తరవాత నిచ్చెన మీంచే టార్చి తిప్పి ఒక్కో దూలమూ చూశాడు. నన్ను పిలిచి టార్చి వేసి చూపించాడు. ఏడు దూలాలకీ నడుమ భాగంలో, అడుగు వైపు, రంపంతో కోసి ఉలితో చెక్కిన గాడులు. అరచేయి పట్టేంత వెడల్పు, దూలం మందంలో మూడో వంతుకి మించిన లోతు. ఆ గాడుల్లో గుడ్డ చుట్టిన పాతకాలపు కరెంటు తీగ, ఎప్పుడో చచ్చిపోయింది, ఇంకా పడుకునే ఉంది. నడిమి దూలానికి ఆ గాడి మూల నుంచే పగులు మొదలై పైకి పాకింది. ఆ పగులు కిందే కంబం.

"ఇది దంపుడికి ఇరిగింది కాదు టీచరమ్మా," అన్నాడు కూర్మారావు. "బరువు పడితే దూలం అడుగునే సాగుతాది. ఆ అడుగునే కోసీసినారు. తీగ పోవాలంటే మందానికి నడిమిన కన్నం పెట్టాల. ఇలగ కోసినాక పైన పిల్లి నడిసినా ఇరుగుద్ది."

నిచ్చెన దిగాక అక్కడే కంబం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఊడదీసిన చెక్కల్లోంచి వస్తున్న ఆ పాత సాలు కర్ర వాసన నన్ను ఎక్కడికి లాక్కుపోవాలో అక్కడికి లాక్కుపోయింది.

అమ్మ మధ్యాహ్నాలు నాకు బాగా జ్ఞాపకం. మగవాళ్లు భోజనాలు చేసి కొట్టుకి వెళ్లిపోయాక, ఎంగిళ్లు ఎత్తి, పొయ్యి అలికి, చీర కుచ్చిళ్లు దోపుకుని ఆమె పైకి ఎక్కేది. పైగదిలో నడుమ ఒక వెడల్పాటి రాయి. దాని మీద మినప్పిండీ, ఇంగువా, మిరియాలూ కలిపిన ముద్ద. నూనె చేత్తో తడుపుతూ రోకలితో దంచాలి, ముద్ద లాగితే తెగకుండా సాగేదాకా దంచాలి. ఎదురింటి ఒడియా ఆవిడ పద్మా నాని, అంటే వాళ్ల భాషలో పద్మక్క, వచ్చేది, వెనక వీధి నుంచి మరో ఇద్దరు వచ్చేవాళ్లు. ఒకరు దంచితే ఒకరు ఉండలు కట్టడం, ఇద్దరు వత్తడం. సగం తెలుగు, సగం ఒడియా, నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. ఎవరి అత్తగారి నడకో, ఎవరి మొగుడి గురకో అమ్మ చేసి చూపిస్తే ముగ్గురూ పిండిచేతులతోనే పొట్టలు పట్టుకునేవాళ్లు. అమ్మ గొంతు అప్పట్లో పెద్దది. నేను బడి నుంచి వస్తూ వీధి మొగలోనే ఆమె నవ్వు వినేదాన్ని. పైకి పరుగెత్తితే పచ్చి ముద్ద ఒకటి నోట్లో పెట్టేది, ఇంగువ ఘాటు ముక్కులోకి ఎక్కేది. గచ్చంతా బట్టల మీద పరిచిన అప్పడాలు, కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

పెదనాన్న మాట వేరు. ఇంట్లో ఏ దీపమూ ఆయన చెయ్యి పడకుండా వెలగకూడదు. సంధ్యవేళ కొట్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, సరుకుల గదిలోకి వెళ్లి మెయిన్ స్విచ్చుకి దణ్ణం పెట్టి పైకెత్తేవాడు. దీపాలు వెలిగేవి. మేమందరం దీపాలకి దణ్ణం పెట్టాలి. ఆయన దేవుడి గదికి మాత్రం నూనె దీపమే, ఆ గది గోడనీ కప్పునీ తీగ తాకకూడదు. ఆయనకి మనుషుల పరువుకన్నా ఇంటి పరువు ఎక్కువ, ఇంటి పరువుకన్నా హాలు పరువు ఎక్కువ. తన కూతురు సరోజక్కని చూసుకోవడానికి గంజాం నుంచి పెద్ద వర్తకుల కుటుంబం వస్తోందనేసరికి, మసిపట్టిన దూలాలూ వాటి అడుగున వేలాడే తీగలూ ఆయనకి సిగ్గనిపించాయి. కప్పంతా సాపుగా చెక్కలతో మూసెయ్యాలన్నాడు. చెక్కలు దూలాలకి అంటుకుని రావాలి కాబట్టి తీగ దూలాల్లోంచే పోవాలి. దేవుడి గది మీదుగా పోకూడదు కాబట్టి హాలు నడుమ నుంచే పోవాలి.

మా ఇంటి వడ్రంగి గున్నయ్య అని ఒకాయన ఉండేవాడు. మా మంచాలూ పీటలూ అన్నీ ఆయన చేసినవే. ఆ వారం ఆయన సగం పని వదిలేసి, తన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, పెరటి వైపు వెళ్లి అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోవడం నాకు గుర్తుంది. మళ్లీ మా గడప తొక్కలేదు. ఎందుకని నేనడగలేదు. కరెంటు పనివాళ్లే రంపాలు పట్టుకుని దూలాలు కోశారు, హాలంతా ఎర్రటి పొట్టు, ఆ పొట్టులో మేం పిల్లలం ఆడుకున్నాం. రెండు రోజుల్లో పని అయిపోయింది. ఒక్కో దూలానికి బరమాతో కన్నాలు పెడుతూ కూర్చుంటే వారం పట్టేదట. పెదనాన్నకి వారం లేదు.

పెళ్లివారు వచ్చినరోజు అమ్మ చీకటితో లేచి పిండి దంచింది. ఆ దంపుడు వాళ్ల విస్తళ్లలో వేసే అప్పడాల కోసమే, పెదనాన్న పురమాయించిందే. మధ్యాహ్నం హాల్లో వరసగా విస్తళ్లు వేశారు. గంజాం పెద్దాయన మొదటి ముద్ద కలుపుతుండగా పైన కిర్రుమని చప్పుడైంది. సీలింగు చెక్క ఒకటి ఊడి, సున్నమూ పొట్టూ కలిసి ఆయన నెత్తి మీదా విస్తట్లోనూ పడ్డాయి. దెబ్బ తగల్లేదు. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు, ఆయన వెనక అందరూ లేచారు. శుభానికి వచ్చిన చోట నెత్తిన మట్టి పడిందని వాళ్లు పాత్రపురం దాటకముందే సంబంధం వద్దని కబురొచ్చింది అని మా ఇంట్లో చెప్పుకునేవారు గానీ, వాళ్లు పోవలసిన దారి అటు కానే కాదు. మా ఇంట్లో కథలకి దారులు అక్కర్లేదు.

పెళ్లివారి బండి కదిలాక పెదనాన్న హాలు నడుమ నిలబడి నన్ను పిలిచాడు. నాకు పదేళ్లు. చుట్టూ అందరూ ఉన్నారు, మా నాన్న కూడా. పొద్దున్న మీ అమ్మ పైన దంచిందా అని అడిగాడు. దంచింది అన్నాను. ఎంతసేపు అన్నాడు. చీకటి ఉండగా మొదలెట్టింది, సూర్యుడొచ్చేదాకా దంచింది అన్నాను. గట్టిగానా అన్నాడు. గట్టిగానే అన్నాను. నిజమే చెప్పాను మరి. పెదనాన్న అందరివంకా తిరిగి, విన్నారు కదా, పిల్లే చెబుతోంది అన్నాడు. పెళ్లివారి పళ్లెంలోంచి ఒక లడ్డూ తీసి నా చేతిలో పెట్టాడు. నేను తిన్నాను. ఆ లడ్డూలో ఏలక్కాయ ఎక్కువైందని కూడా గుర్తుంది. మెట్ల దగ్గర తలుపు పట్టుకుని అమ్మ నన్నే చూస్తోంది.

ఆ మర్నాడు కంబం వచ్చింది. ఆ తరవాత పైన దంచకూడదు, నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చోకూడదు. రాయిని మెట్ల కిందకి దొర్లించారు. పద్మా నాని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయింది. సరోజక్క మళ్లీ మంచి సంబంధమే చేసుకుని, ముగ్గురు పిల్లల్ని కని, బతికినంతకాలం మా అమ్మతో ముఖం చూసి మాట్లాడలేదు. ఇక అమ్మ ఆ గదిలో గోడ పట్టుకుని నడవడం మొదలెట్టింది. నడుమ నుంచి నాలుగడుగుల్లో పోయే చోటికి మూడు గోడలూ చుట్టి పోతుంది. బిందె దించితే చప్పుడు కాకుండా ముందు గుడ్డ పరుస్తుంది. ఆ గొంతు కూడా అలాగే తగ్గిపోయింది, ఇప్పుడు పక్కన కూర్చుంటే తప్ప వినబడదు. అది ముసలితనం అనుకునేవాళ్లు ఆమెని ముప్పై ఏళ్లప్పుడు చూసి ఉండరు.

స్టూలు మీద కూర్చున్న నాకు మండిపోయిన సంగతి ఒకటుంది. కోయించింది తొందరపాటు అనుకుందాం, తెలియక అనుకుందాం. కానీ కంబం నిలబెట్టాలంటే ఆ చెక్కలు ఊడదీసి, పగిలిన చోటు వెతికి, సరిగ్గా ఆ గాడి కిందే దిమ్మ పెట్టాలి. పెదనాన్న దగ్గరుండి పెట్టించాడు. అంటే చూశాడు. చూసి, చెక్కలు మళ్లీ కొట్టించి, పాతికేళ్లపాటు వచ్చినవాళ్లందరికీ మా అమ్మ కథ చెప్పాడు.

మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి వస్తే చెయ్యి పట్టుకుని నిచ్చెన దగ్గరికి తీసుకెళ్లాను. డెబ్బై దాటినవాడు, ఎక్కలేనన్నాడు. టార్చి వేసి కింద నుంచే చూపించాను. కూర్మారావు చెప్పిందంతా చెప్పాను. అన్నయ్య పైకి చూసి, పంచెతో మెడ తుడుచుకున్నాడు.

"పోయినోల్ల మీద ఇప్పుడేటి సెప్పుకుంటాం సెల్లీ," అన్నాడు. "ఆ సెక్కలు మళ్లీ కొట్టించీ. పిల్లలు సూత్తారు."

"పిల్లలు సూడాలన్నయ్యా," అన్నాను. "కంబానికి పేరు పెట్టింది ఈ ఇల్లే కదా. నువ్వు పైకెల్లి అమ్మకి సెప్పు. నీ నోటితో సెప్పు."

అన్నయ్య అన్నం చల్లారిపోతోందన్నాడు. అడుగున కొంచెం కోసుకుంటే సరిపోతుందని నిన్న తాను చెప్పిన మాట ఆయనకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. తండ్రి నుంచి కొడుక్కి ఇల్లు వచ్చింది, తాళం వచ్చింది, కథ వచ్చింది, రంపం పెట్టే చోటు కూడా వచ్చింది. ఇన్ని మారాయి, బరంపురం రోడ్లు మారాయి, గుడ్డ తీగలు పోయి తాకితే కొట్టని స్విచ్చులు వచ్చాయి. మా హాల్లో ఆ మాట మాత్రం ఒక్క అక్షరం అరగలేదు. ఆ పూట ఆయన పైకి రాలేదు.

నేనే చెప్పాను. అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను గాడుల గురించీ పగులు గురించీ గున్నయ్య గురించీ ఊపిరాడకుండా చెప్పుకుపోయాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. చేతిలో కాయ పూర్తిగా వలిచాక తలెత్తింది.

"నాకు తెల్సే కుమారీ," అంది. "గున్నయ్య మజ్జిగ తాగినప్పుడే సెప్పినాడు. ఈ కోత కోత్తే ఇల్లు నిలవదమ్మా అన్నాడు. మీ నాన్నకి సెప్పినాను. అన్న ముందర నోరెత్తకు అన్నారు."

మా నాన్న. నన్ను భుజాన ఎక్కించుకుని రథయాత్రకి తీసుకెళ్లిన మా నాన్న. ఆయన పటం ఆ గదిలో గోడనే ఉంది, ఆ క్షణంలో దాన్ని తిప్పి పెట్టాలనిపించింది. తెలిసి ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావని అమ్మ మీదే కేకలేశాను. ఆ కోపం ఎవరి మీదికి వెళ్లాలో వాళ్లెవరూ లేరు మరి.

"ఎవులికి సెప్పను," అంది అమ్మ, మామూలుగానే. "నా కడుపున పుట్టినదానివి నువ్వే నలుగురిలో సెప్పీసినావు, గట్టిగా దంచిందని. కోసినారని తెల్సు. అయినా నా దంపుడు కూడా ఉందేమో అనుకున్నాను. ఇన్నేల్లూ అదే ఆలోసన. నాను పైన ఉండీదాన్ని, కింద ఎంత సప్పుడు అవుద్దో నాకెలా తెల్సుద్ది."

చిక్కుడుకాయల బుట్ట దగ్గరికి జరిగి రెండు కాయలు తీసుకుని వలిచాను, ఈనెలు సరిగ్గా రాలేదు.

పని వారం పట్టింది. ఒక్క రోజు కూడా తగ్గించమని నేను అడగలేదు. కూర్మారావు ఒక వడ్రంగిని తెచ్చాడు. కప్పుని జాకీల మీద రవ్వంత లేపి, ఏడు దూలాలకీ పక్కన ఏడు కొత్త సాలు పలకలు గోడ నుంచి గోడకి ఆనించి, బోల్టులతో బిగించారు. ఆ తరవాత గోడకి దగ్గరగా, మందానికి సరిగ్గా నడుమ, డ్రిల్లుతో ఒక్కో కన్నం. ఏడు కన్నాల్లోంచి కేబులు లాగి పైకి తెచ్చారు. మెట్ల తల దగ్గర తెల్లటి డబ్బా, అందులో ఎనిమిది స్విచ్చులు, అమ్మ చేతికి అందే ఎత్తులో. అన్నయ్య రోజూ వచ్చి చూసి వెళ్లేవాడు. ఆఖరి రోజు కంబం తీసేస్తుంటే మాత్రం ఒక కొస పట్టుకున్నాడు. పెరట్లో పడుకోబెట్టాక పైకి చూసి, సిన్నమ్మా, నాన్న తప్పు సేసినాడు అన్నాడు. కిటికీలో ఉన్న అమ్మకి అది వినబడి ఉండదు. మళ్లీ గట్టిగా చెప్పమన్నాను. అన్నయ్య ఒకసారి వీధి వైపు చూసి, మళ్లీ గట్టిగా చెప్పాడు. అమ్మ తలూపింది, అంతే.

ఇప్పుడు నడుమ నుంచి నడు అని అమ్మతో అన్నాను. గోడ పట్టుకునే నడిచింది. కాళ్లకి అలవాటైపోయింది అంది. తరవాత ఆమే ఒక కోరిక కోరింది. మెట్ల కింది రాయిని పైకి తెప్పించమంది. తెప్పించాను. పిండి కలిపించి దగ్గరుండి నూనె వేయించింది. నువ్వు దంచు, నాను కిందికెల్లి ఇంటాను అంది. ఎన్నేళ్లుగానో డాక్టరు కోసం తప్ప మెట్లు దిగని మనిషి, అన్నయ్యా కూర్మారావూ చెరో పక్కా పట్టుకుంటే దిగింది. హాల్లో, కంబం ఉన్న చోట పలక గుర్తు ఇంకా తెల్లగా ఉంది, దాని మీదే కుర్చీ వేయించుకుని కూర్చుంది.

నేను పైగది నడుమ నిలబడ్డాను. అక్కడ నిలబడటం నాకూ కొత్తేనని అప్పుడే తెలిసింది. రోకలి ఎత్తి దంచాను. అరవై ఐదేళ్ల చేతులతో, పెదనాన్న నెత్తిన దంచినట్టు దంచాను, నాన్న పేరు తలుచుకుని దంచాను, ఆ లడ్డూని తలుచుకుని దంచాను. చెమట కళ్లలోకి కారింది, భుజాలు లాగేశాయి. ఇక ఎత్తలేను అనుకున్నాక రోకలి పక్కన పెట్టి, రొప్పుతూ కిందికి దిగాను.

అమ్మ ఇంకా కప్పు వంకే చూస్తోంది.

"మొదలెట్టినావా అని సూత్తన్నాను," అంది. "ఇంతేనా సప్పుడు?"